కోడూరు నల్లరాయికి కన్నతల్లి

ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ వైపు వెళ్లే రోడ్డులో కంకర లారీలు తిరగని రోజుండదు. చుట్టుపక్కల గుట్టలన్నీ గ్రానైటు, గ్రానైటు నీసు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోస్తున్న పెద్దచెరువు నిలిచింది ఆ రాతి నేల మీదే. ఆ రాయిని క్రషర్‌లో కొరికి కంకర చేసేవి రెండు ఉక్కు దవడలు. జా ప్లేట్లంటారు. ఆ ఉక్కులో నూటికి 12 నుంచి 14 పాళ్ల దాకా మాంగనీసు ఉంటుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఉక్కు ఇది. దెబ్బ తగిలేకొద్దీ పైపొర ఇంకా గట్టిపడటం దీని గుణం. అందుకే రాయిని నమిలే పనికి, రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట చక్రాల దెబ్బలు కాచే పనికి దీన్నే వాడతారు.

ఆ దవడల కింద నలిగే గ్రానైటులోనూ మాంగనీసు ఉంది. కానీ సాధారణంగా వెయ్యి పాళ్లలో అర పాలు కూడా ఉండదు. లాభంగా తవ్వుకోవాలంటే నూటికి 30 పాళ్లయినా ఉండాలి. అంటే ఆరువందల రెట్లు. ఏ మనిషి చేయీ పడకుండా ఒక మూలకం అన్ని రెట్లు ఒకచోట ఎలా పోగుపడింది? ఈ ప్రశ్నకు తెలుగు నేల మీద దొరికే అతి వివరమైన సమాధానం ఉత్తరాంధ్రలో, విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి పరిసరాల్లో ఉంది. కోడూరు, గర్భాం, గరివిడి. భూగర్భ శాస్త్రం చదివిన వాళ్లకు ఇవి మామూలు ఊళ్ల పేర్లు కావు. కోడూరు పేరు మీద ఒక రాయే ఉంది. దాని పేరు కోడూరైటు. ఆ రాతిలో స్పాండైటు అనే అరుదైన మాంగనీసు సిలికేటు ఉంది. మనం నల్లమాంగనీసు తవ్వుకున్నాం, అమ్ముకున్నాం. దాన్ని కన్న రాయిని మాత్రం డంపుల్లో పారేశాం. ఈ కథనం ఆ రాయి గురించి.

కోడూరుకు వచ్చిన దొర

భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఇక్కడే, 1890ల తొలి ఏళ్లలో. అప్పటికి ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. విజయనగరం మైనింగ్ కంపెనీ కోడూరులో గని తెరిచింది. కొద్ది ఏళ్లకే ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం ఆ పక్క నుంచే సాగింది. ఖనిజం రేవుకు చేరి, ఓడలెక్కి, బ్రిటన్ ఉక్కు కొలుములకు పోయేది. ఇంకా నాగపూర్, బాలాఘాట్ గనులు పుంజుకోని కాలం అది. దేశపు మాంగనీసు అంటే ఉత్తరాంధ్ర మాంగనీసే.

పని అంతా చేతులతోనే. నేల మీద గుంతలు తవ్వడం, గడ్డలను సుత్తితో పగలగొట్టి నల్లటి బరువైన ముక్కను వేరుచేయడం, మిగిలింది పక్కన పోయడం. ఆ ‘మిగిలింది’ కుప్పల్లో ఏముందో తరచి చూసినవాడు లూయిస్ లీ ఫెర్మర్. లండన్‌లో 1880లో పుట్టాడు. 1902లో భారత భూగర్భ సర్వే సంస్థలో, అంటే జీఎస్ఐలో చేరాడు. దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నీ తిరిగి చూసే పని అతని మీద పడింది. ఆ పని ఫలితం 1909లో జీఎస్ఐ మెమాయిర్ల 37వ సంపుటంగా వచ్చింది. వెయ్యి పుటలు దాటిన పుస్తకం. ఒక్క లోహం మీద, ఒక్క దేశం గురించి, ఒక్క మనిషి రాసిన అంత పెద్ద భూగర్భ గ్రంథాలు ప్రపంచంలోనే తక్కువ. ఆ తర్వాత అతను జీఎస్ఐ డైరెక్టరయ్యాడు. 1935లో ఏర్పడిన జాతీయ విజ్ఞాన సంస్థకు, నేటి ఇన్సాకు, తొలి అధ్యక్షుడూ ఆయనే.

ఫెర్మర్ కొత్త ఖనిజాలకు పేర్లు పెట్టడంలో ఉదారంగా ఉండేవాడు. మధ్యప్రదేశ్‌లోని కాజ్లీడోంగ్రీలో దొరికిన నీలి యాంఫిబోల్‌కు, దాన్ని చూపిన హోవర్డ్ వించ్ పేరుతో వించైటు అన్నాడు. నాగపూర్ దగ్గరి కాచర్వాహీలో ఒక మాంగనీసు పైరాక్సీన్ దొరికింది. సూక్ష్మదర్శిని కింద తిప్పితే ఒక దిక్కున గులాబీ, ఇంకో దిక్కున ఆకాశనీలం చూపించే అందగత్తె అది. దానికి భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ పేరు మీద బ్లాన్‌ఫర్డైటు అని పేరుపెట్టాడు. గరివిడిలో, నాగపూర్ పక్క బెల్డోంగ్రీలో దొరికిన అయస్కాంతానికి అంటుకునే నల్ల ఖనిజానికి తన సహోద్యోగి పేరుతో వ్రెడెన్‌బర్గైటు అన్నాడు. కోడూరుకు వచ్చేసరికి మాత్రం మనిషి పేరు కాదు, ఊరి పేరే పెట్టాడు. ఆ నిర్ణయం వల్లే ఒక తెలుగు పల్లె ప్రపంచ శిలాశాస్త్ర నిఘంటువుల్లోకి ఎక్కింది.

కోడూరైటులో ముఖ్యంగా మూడు ఖనిజాలు. మొదటిది పొటాష్ ఫెల్డ్‌స్పార్. హైదరాబాద్ పరిసరాల గ్రానైటుకు గులాబీ ఛాయ తెచ్చేది ఈ కుటుంబమే. రెండోది అపటైటు. ఇది భాస్వరపు ఖనిజం. మూడోది స్పాండైటు. ఈ మూడు ఏయే పాళ్లలో కలిశాయన్నదాన్ని బట్టి, మధ్యలో క్వార్ట్జ్ చేరిందా, రోడోనైటు లాంటి మాంగనీసు పైరాక్సినాయిడ్లు చేరాయా అన్నదాన్ని బట్టి, ఫెర్మర్ దీన్ని ఒక రాతి పరంపరగా వర్గీకరించాడు.

గార్నెట్లలో ఒక సంకరం

స్పాండైటు గార్నెట్ కుటుంబానిది. నవరత్నాల్లో గోమేధికం పేరుతో ఉంగరంలో పొదిగేది కూడా ఈ కుటుంబపు రాయే. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం దాకా సముద్రపు ఇసుకలో ఎర్రటి చారలుగా కనిపించేదీ గార్నెట్ ఇసుకే. ఆ ఇసుకలో ఎక్కువగా ఉండేది ఇనుము, అల్యూమినియం కలిసిన అల్మండైన్. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లు అరిగి, వాగులు మోసుకొచ్చి ఒడ్డున పోసిన రాశి అది. కోడూరు గార్నెట్ వేరు.

గార్నెట్ నిర్మాణం సూక్ష్మంగా ఉంటుంది. ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చేరి ఒక చతుర్ముఖి అవుతుంది. గార్నెట్‌లో ఈ చతుర్ముఖులు ఒకదాన్నొకటి తాకవు, విడివిడిగా ఉంటాయి. వాటి మధ్య లోహాలకు రెండు రకాల స్థానాలు మిగులుతాయి. ఒకటి పెద్దది. కాల్షియం, మాంగనీసు, ఇనుము, మెగ్నీషియం లాంటి రెండు ఆవేశాల అయాన్లు అక్కడ చేరతాయి. రెండోది చిన్నది. అక్కడ అల్యూమినియం గానీ, మూడు ఆవేశాల ఇనుము గానీ కూర్చుంటుంది. పెద్ద స్థానంలో మాంగనీసు, చిన్న స్థానంలో అల్యూమినియం ఉంటే అది స్పెస్సార్టైన్. జర్మనీలోని స్పెస్సార్ట్ కొండల పేరది. పెద్ద స్థానంలో కాల్షియం, చిన్న స్థానంలో ఇనుము ఉంటే ఆండ్రడైటు. ఈ రెంటి పేర్లనూ కలిపి ఫెర్మర్ స్పాండైటు అన్నాడు. కోడూరు గార్నెట్‌లో రెండు స్థానాల్లోనూ కలగలుపు ఉంది. మాంగనీసూ కాల్షియమూ ఒకచోట, అల్యూమినియమూ ఇనుమూ ఇంకోచోట.

ఇది ఎందుకు అరుదు? గార్నెట్లు సాధారణంగా రెండు తెగలుగా చీలిపోతాయి. అల్యూమినియాన్ని చిన్న స్థానంలో ఉంచుకుని పెద్ద స్థానంలో మాంగనీసు, ఇనుము, మెగ్నీషియం మార్చుకునేవి ఒక తెగ. కాల్షియాన్ని పెద్ద స్థానంలో ఉంచుకుని చిన్న స్థానంలో అల్యూమినియం, ఇనుము, క్రోమియం మార్చుకునేవి రెండో తెగ. ఈ తెగల మధ్య బాగా కలగలిసిన గార్నెట్ పుట్టాలంటే రెండు కావాలి. మాంగనీసు, కాల్షియం, ఇనుము మూడూ ఒకచోట దండిగా ఉన్న అసాధారణ రాయి ఒకటి, బాగా హెచ్చు వేడి ఇంకొకటి. కోడూరులో రెండూ కుదిరాయి.

చూడటానికి నారింజ, గోధుమ ఛాయలు. గార్నెట్లకు ఉండే గట్టిదనమే దీనికీ. మోస్ కొలతపై ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య. అంటే చాకు మొన దీన్ని గీయలేదు. స్పెస్సార్టైన్ సాంద్రత నీటికి నాలుగు రెట్ల పైన. ఫెల్డ్‌స్పార్ రెండున్నర రెట్లే. అందుకే కోడూరైటు ముక్క అరచేతిలో పెట్టుకుంటే గ్రానైటు కంటే బరువుగా తెలుస్తుంది. ఒక దిక్కున పలకలుగా చీలడం ఉండదు, వంకరగా పగులుతుంది. పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద అడ్డంగా అమర్చిన ధ్రువణ ఫలకాల మధ్య పెడితే ఎటు తిప్పినా చీకటే. ఘనాకార వ్యవస్థకు చెందిన ఖనిజాల గుర్తు అది.

గార్నెట్ గురించి ఫెర్మర్‌కు ఇంకో పెద్ద ఆలోచన వచ్చింది. అవే మూలకాలు ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ రూపంలో ఉంటే ఎక్కువ చోటు తీసుకుంటాయి. గార్నెట్‌గా మారితే తక్కువ చోటులో ఇముడుతాయి. అంటే గార్నెట్ ఒత్తిడికి గుర్తు. 1913లో ఆయన గార్నెట్‌ను భూమి లోతుల ఒత్తిడి చెప్పే సాధనంగా చూడవచ్చని, పైపెచ్చు కింద గార్నెట్ నిండిన మండలం ఒకటి ఉండాలని రాశాడు. నేడు శిలాశాస్త్రజ్ఞులు రాతి పుట్టిన లోతునూ వేడినీ గార్నెట్ కూర్పు నుంచి లెక్కకట్టడం రోజువారీ పని. ఆ దారిలో అంత తొందరగా అడుగేసిన మనిషి చేతిలో కోడూరు గార్నెట్లు ఉండేవన్నది నాకు గొప్పగా అనిపిస్తుంది.

గులాబీ ఎలా నల్లబడుతుంది

ఈ కుటుంబంలో కంటికి అందమైనది మాత్రం రోడోనైటు. పేరే గ్రీకులో గులాబీ నుంచి వచ్చింది. రష్యాలోని ఉరల్ కొండల్లో దొరికే రోడోనైటుతో జారులు భవనాలు అలంకరించుకున్నారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రెండో అలెగ్జాండర్ భార్య మరియా సమాధి పెట్టె మొత్తం ఉరల్ రోడోనైటులో చెక్కిందే. మాస్కో మెట్రోలో 1938లో తెరిచిన మయకోవ్‌స్కాయా స్టేషన్ స్తంభాల్లోనూ ఈ గులాబీ రాయి ఉంది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో సీసపు ఖనిజం మధ్య ఎర్రటి రోడోనైటు స్ఫటికాలు దొరుకుతాయి. ప్రపంచ మ్యూజియాలకు అవి అపురూపం.

రోడోనైటులో సిలికా చతుర్ముఖులు విడిగా ఉండవు. చేయీ చేయీ పట్టుకుని గొలుసులవుతాయి. మల్లెమాల కట్టేటప్పుడు పూలను ఇటొకటి అటొకటి తిప్పిపెడతామే, అలాగే ఈ చతుర్ముఖులూ మెలికలు తిరుగుతూ పోతాయి. పైరాక్సీన్లలో ప్రతి రెండుకీ ఆ వరస తిరిగి మొదలవుతుంది. వొల్లాస్టొనైటులో మూడుకి. రోడోనైటులో అయిదుకి. దాని చుట్టమైన పైరాక్స్‌మాంగైటులో ఏడుకి. మాంగనీసు అయాను కాల్షియం కంటే చిన్నది, మెగ్నీషియం కంటే పెద్దది. దాన్ని పొదువుకోవడానికి గొలుసు ఈ వింత వరసలు పట్టింది. రోడోనైటు, పైరాక్స్‌మాంగైటు దాదాపు ఒకే రసాయన కూర్పు ఉన్నవి. ఒత్తిడి పెరిగితే ఏడు వరస, వేడి పెరిగితే అయిదు వరస నిలకడగా ఉంటుంది. అంటే రాతిలో ఏ గొలుసు ఉందో చూస్తే అది ఎంత లోతున, ఎంత వేడిలో ఉడికిందో కొంత చెప్పవచ్చు.

గులాబీ రంగు సంగతి. రోడోనైటులో మాంగనీసు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితిలో ఉంటుంది. దాని బయటి అయిదు గదుల్లో ఒక్కొక్క ఎలక్ట్రాను, అన్నీ ఒకే దిశలో తిరుగుతూ. ఈ అమరికలో ఏ ఎలక్ట్రానూ తేలిగ్గా కాంతిని మింగి పక్కకు దూకలేదు. క్వాంటం నియమాలు అడ్డుపడతాయి. అందుకే రంగు లేత గులాబీతో ఆగిపోతుంది. ఇంటర్ ల్యాబులో మాంగనీసు సల్ఫేటు లేత గులాబీగా కనిపించేదీ ఇందుకే. మాంగనీసు ఇంకొక ఎలక్ట్రాను పోగొట్టుకుంటే ఆ కట్టడి తొలగిపోతుంది. అప్పుడు రాయి ముదురెరుపు, చిక్కటి గోధుమ, నలుపు. బ్రౌనైటు అనే మాంగనీసు సిలికేటులో ఎక్కువ భాగం మాంగనీసు ఈ మూడో స్థితిలో ఉంటుంది. అందుకే సిలికేటు అయినా అది నల్లగా, లోహంలా మెరుస్తుంది. బావుల్లో వేసే పర్మాంగనేటులో మాంగనీసు ఏడో స్థితికి పోయి ఉంటుంది. అక్కడి ఊదారంగుకు కారణం కొంచెం వేరు.

గులాబీ రాయి గాలికీ వానకూ బయటపడితే అదే జరుగుతుంది. మాంగనీసు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటుంది, సిలికా నీటితో కరిగిపోతుంది, పైన నల్లటి ఆక్సైడు పొర కడుతుంది. ఖనిజాలు సేకరించేవాళ్లు రోడోనైటును గుర్తుపట్టేది దాని చుట్టూ అల్లుకున్న నల్ల గీతలతోనే. దాన్ని పోలిన గులాబీ కార్బొనేటు రోడోక్రోసైటు ఉంది. చాకు మొన పెడితే తేడా తెలిసిపోతుంది. కార్బొనేటు గీరుకుపోతుంది, సిలికేటు సులువుగా లొంగదు. వేడి చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేస్తే కార్బొనేటు బుడగలు కడుతుంది, సిలికేటు కదలదు.

సముద్రం, కొలిమి, వాన

ఫెర్మర్ కోడూరైటును లావా లాంటి ద్రవం నుంచి గడ్డకట్టిన రాయి అనుకున్నాడు. భూగర్భంలోంచి మాంగనీసు నిండిన ద్రవం పైకి వచ్చి, ఖోండలైట్ల మధ్య దూరి, చల్లారింది అని. ఆ రోజుల్లో ఆయన చూసిన సాక్ష్యానికి అది న్యాయమైన ఊహే. కాని ఇరవయ్యో శతాబ్దం నడుస్తుండగా ఆలోచన మారింది. పాత సముద్రంలో పొరలుగా పడిన మాంగనీసు బురద, సున్నపు బురద, ఇసుక, బంకమన్ను లోతుకు కుంగి, ఉడికి, పక్కనే కరిగిన పదార్థంతో కలగలిసి పుట్టిన రాయి ఇది అన్న వివరణ బలపడింది. ఈ దేశపు మాంగనీసు రాళ్ల మీద జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు సుప్రియ రాయ్ జీవితాంతం పనిచేశారు. కోడూరు, గర్భాం ఖనిజాల మీద శివప్రకాశ్ రాసిన పరిశోధన 1980లో అమెరికా నుంచి వచ్చే ఎకనామిక్ జియాలజీ పత్రికలో అచ్చయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర శాఖను నిలబెట్టిన సి. మహాదేవన్ తరం నుంచీ ఈ కొండలు అక్కడి విద్యార్థులకు బడిగా ఉన్నాయి.

మొదటి మజిలీ సముద్రం. ఆక్సిజన్ లేని లోతు నీటిలో మాంగనీసు కరిగే ఉంటుంది. ఆ నీరు పైకి పొంగి ఆక్సిజన్ ఉన్న తీరపు నీటిని కలిసిందా, మాంగనీసు ఆక్సైడుగా మారి కిందికి దిగుతుంది. ఇనుము అంతకంటే ముందే దిగిపోతుంది, మాంగనీసు ఆ తర్వాత. ఈ కాస్త ఆలస్యమే ఇనుమును, మాంగనీసును విడదీస్తుంది. ఎక్కడ విడదీత పూర్తిగా జరగలేదో అక్కడ ఇనుము కలిసిన మాంగనీసు పొరలు మిగులుతాయి. కోడూరు గార్నెట్‌లోని ఇనుము ఆ సంగతినే చెబుతోంది.

రెండో మజిలీ లోతు. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట తూర్పు కనుమల రాళ్లు పాతిక ముప్పై కిలోమీటర్ల లోతులో ఉడికాయి. కొన్నిచోట్ల వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఇంత వేడికి లోనైన రాళ్లు భూమ్మీద తక్కువ. బంకమన్ను గార్నెట్, సిల్లిమనైటు, గ్రాఫైటు ఉన్న ఖోండలైటు అయింది. సింహాచలం, కైలాసగిరి కొండలు ఆ రాయే. మధ్యలో ఉన్న మాంగనీసు పొరల్లో కార్బొనేటు, క్వార్ట్జ్ కలిసి బొగ్గుపులుసు వాయువును వదిలి రోడోనైటు అయ్యాయి. సున్నమూ ఇనుమూ బంకమన్నూ కలిసినచోట స్పాండైటు అయింది. సముద్రపు బురదలో జీవుల అవశేషాలతో చేరే భాస్వరం అపటైటుగా నిలిచింది.

తెలంగాణలోనూ మాంగనీసు ఉంది, ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగ సున్నపురాళ్ల మధ్య. అదీ పాత సముద్రం వేసిన పొరే. కానీ ఆ పొరలకు తూర్పు కనుమల కొలిమి తగల్లేదు. సున్నపురాయి సున్నపురాయిగానే మిగిలింది. అందుకే అక్కడ కోడూరైటు లేదు. ఒకే మూలకం, ఒకే రకం మొదలు. నడిచిన దారి వేరైతే రాయి వేరవుతుంది.

మూడో మజిలీ వాన. కనుమలు పైకి లేచి, పైపొరలు అరిగి, కోడూరైటు నేల పైకి వచ్చింది. వేడి, తడి మార్చిమార్చి తగిలే ఈ వాతావరణంలో అది చాలా లోతు వరకు కుళ్లింది. ఫెల్డ్‌స్పార్ తెల్లటి మెత్తని మట్టి అయింది. స్పాండైటు, రోడోనైటు విడిపోయి మాంగనీసు నల్లగా గడ్డకట్టింది. సైలోమెలేన్, పైరోలూసైటు అన్నవి ఆ గడ్డల పేర్లు. ఆక్సైడుల్లో క్రిప్టోమెలేన్ అనేదానికి పొటాషియం కూడా కావాలి. పక్కనే ఫెల్డ్‌స్పార్ కుళ్లి పొటాషియం వదులుతుంటే దానికేం కొరత? నూటికి పదో ఇరవయ్యో పాళ్ల మాంగనీసు ఉన్న సిలికేటు రాయి, వానల చేతిలో చిక్కబడి తవ్వదగ్గ ఖనిజమైంది. అది కూడా చక్కటి పొరగా కాదు. ఒకచోట గుట్టగా, ఇంకోచోట చారగా, తెల్లమట్టి మధ్య ఎటుపడితే అటు. కోడూరు గనుల్లో ఖనిజం ఎక్కడుందో ముందుగా చెప్పడం ఇప్పటికీ కష్టం.

ఇక్కడే ఈ నేల మాంగనీసు గుణదోషాలన్నీ అర్థమవుతాయి. విజయనగరం ఖనిజంలో భాస్వరం ఎక్కువ, ఇనుమూ ఎక్కువ అని ఉక్కు పరిశ్రమ మొదటి నుంచీ మొగం ముడుస్తూ వచ్చింది. భాస్వరం ఉక్కును చలిలో పెళుసు చేస్తుంది. కొలిమిలో అది పైన తేలే లోహమలంలోకి పోదు, దాదాపు మొత్తం లోహంలోకే చేరుతుంది. అందుకే ఈ ఖనిజాన్ని భాస్వరం తక్కువ ఉన్న వేరే ఖనిజంతో కలిపి వాడాల్సి వచ్చేది. ఆ భాస్వరం ఎక్కడిది? కోడూరైటులోని అపటైటుది. ఆ ఇనుము ఎక్కడిది? స్పాండైటులోని ఆండ్రడైటు పాలు. తల్లి రాయిని చదివి ఉంటే బిడ్డ స్వభావం ముందే తెలిసేది. ఫెర్మర్ 1909లోనే ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపాడు. గని యజమానుల్లో ఎంతమంది ఆ పుటలు తిప్పారో గానీ, రాతిని చదవకుండా ఖనిజాన్ని తవ్వే అలవాటు ఈ దేశంలో గట్టిగానే పాతుకుపోయింది.

స్వాతంత్య్రం తర్వాత ఖనిజాన్ని ఎగుమతి చేయడం కంటే ఇక్కడే లోహం చేయడం మేలన్న ఆలోచన వచ్చింది. 1950లలో గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ (ఫ్యాకోర్) కర్మాగారం వెలిసింది. చుట్టూ శ్రీరామ్‌నగర్ కాలనీ, బడి, కాలేజీ పెరిగాయి. ఆ ప్రాంతంలో రెండు తరాల కుటుంబాలు ఫ్యాకోర్ జీతం మీద బతికాయి. తర్వాత బొబ్బిలి పారిశ్రామిక వాడలోనూ ఫెర్రో అల్లాయ్ యూనిట్లు వచ్చాయి. ప్రపంచంలో తవ్వే మాంగనీసులో పదింట తొమ్మిది పాళ్లు ఉక్కుకే పోతుంది. ఉక్కులోని ఆక్సిజన్‌ను, గంధకాన్ని పట్టుకుని దాన్ని గట్టిగా, సాగేలా ఉంచడం దాని పని.

కొలిమిలోనూ మాంగనీసు సిలికేటే పుడుతుంది. ఫెర్రో మాంగనీసు తీసేటప్పుడు పైన తేలే లోహమలంలో, అంటే స్లాగ్‌లో, మాంగనీసు ఇంకా మిగిలే ఉంటుంది. అది చల్లారేటప్పుడు టెఫ్రోయిట్ స్ఫటికాలు కడుతుంది. ఆలివీన్ కుటుంబపు మాంగనీసు సిలికేటు అది. సహజంగా అమెరికాలోని న్యూజెర్సీ, స్వీడన్‌లోని లాంగ్‌బాన్ లాంటి కొద్ది చోట్లే పేరుపడింది. ఇక్కడ కొలిమి పక్క కుప్పల్లో అదే స్ఫటికం తయారవుతోంది. ఆ స్లాగ్‌ను మళ్లీ సిలికో మాంగనీసు తీయడానికి వాడతారు. ఎందుకంటే సిలికో మాంగనీసుకు సిలికా కూడా కావాలి.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. సిలికా ఎక్కువున్న మాంగనీసు రాయికి గిరాకీ వచ్చిందంటే, ఒకనాడు పనికిరాదని పారేసిన డంపులను మళ్లీ తవ్వడం లాభసాటి అవుతుంది. పారేసిన రాయి పనికిరావడం మంచిదే. కానీ ఆ డంపుల్లో, పాత గుంతల గోడల్లో మిగిలి ఉన్న తాజా కోడూరైటు కూడా అదే లారీ ఎక్కిపోతుంది.

పేరు చెరిగిన ఖనిజం

స్పాండైటుకు ఇంకో నష్టం పుస్తకాల్లో జరిగింది. 1958లో అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఏర్పడ్డాక కొత్త ఖనిజానికి పేరు పెట్టాలంటే కఠిన నియమాలు వచ్చాయి. రెండు ఖనిజాల మధ్య కూర్పు ఉన్న మిశ్రమానికి సొంత పేరు ఉండదు, ఏ కొసకు దగ్గరగా ఉంటే ఆ పేరే. ఆ లెక్కన స్పాండైటు ఆమోదిత ఖనిజాల పట్టికలో లేదు. బ్లాన్‌ఫర్డైటు పోయింది, వ్రెడెన్‌బర్గైటు రెండు ఖనిజాల అల్లిక అని తేలింది. ఫెర్మర్ పెట్టిన పేర్లలో వించైటు, హాలండైటు లాంటివి నిలిచాయి. నియమం సరైనదే, వాదించను. అయితే పట్టికలో లేనంత మాత్రాన రాతిలోంచి పోదు. మాంగనీసు, కాల్షియం, ఇనుము, అల్యూమినియం నాలుగూ ఒకే గార్నెట్‌లో ఇంత ధారాళంగా కలిసిన చోటు అరుదు. ఆ కలగలుపుకు ఏ వేడి, ఏ ఆక్సిజన్ పీడనం కావాలన్న ప్రశ్నకు సమాధానం ఈ రాతిలోనే ఉంది.

ఏదైనా రాతికి పేరొచ్చిన మొదటి చోటును భూగర్భ శాస్త్రజ్ఞులు మూలస్థలం అంటారు. ఎవరికి సందేహం వచ్చినా వెళ్లి సరిచూసుకునే చోటు. కోడూరు అలాంటిది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ స్థాయి గుర్తింపు పొందిన భూవారసత్వ స్థలాలున్నాయి. తిరుమల శిలాతోరణం, తిరుమల ఘాట్‌లోని ఎపార్కియన్ విషమవిన్యాసం, మంగంపేట ముగ్గురాయి, భీమిలి పక్కన ఎర్రమట్టి దిబ్బలు. ఎర్రమట్టి దిబ్బల కోసం విశాఖ జనం ఎంత గొంతెత్తారో, ఎత్తుతున్నారో తెలిసిందే. కోడూరు కోసం గొంతెత్తే జనం లేరు, ఎందుకంటే అక్కడ చూడటానికి అందమైన దృశ్యం లేదు. నల్లమన్ను, తెల్లమన్ను, నీళ్లు నిండిన గుంతలు. అయినా ఆ జాబితాలో కోడూరు పేరు ఉండాల్సిందే.

అడిగేది పెద్దదేమీ కాదు. కోడూరులోనో గర్భాంలోనో ఒక పాత గుంత గోడలో కోడూరైటు తాజాగా కనిపించే పాతిక ముప్పై మీటర్ల ముఖాన్ని లీజుల నుంచి మినహాయించాలి. జీఎస్ఐ శిక్షణ సంస్థ హైదరాబాద్‌లో బండ్లగూడలోనే ఉంది. దేశమంతటి నుంచి వచ్చే యువ భూగర్భ శాస్త్రజ్ఞులను ఏటా ఆ ముఖం ముందుకు తీసుకెళ్లవచ్చు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో సివిల్ విద్యార్థులు చదివే భూగర్భ శాస్త్రపు పేపరుకు ఒక కోడూరైటు నమూనా, ఒక నల్ల ఖనిజపు ముక్క, ఒక తెల్లమట్టి ముద్ద పక్కపక్కన పెడితే రాయి కుళ్లడమంటే ఏమిటో పుస్తకం చెప్పలేనంత బాగా అర్థమవుతుంది. గ్రానైటు నేల మీద చదువుకునే పిల్లలకు ఈ మూడూ కొత్తగా ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గర గనుల వారీగా, ఏ మట్టం నుంచి తీశారో రాసిపెట్టిన నమూనాలు ఒక్కచోట ఉండాలి. గనులు మూతపడ్డాక ఆ లోతు నుంచి ఇంకెవరూ రాయి తీయలేరు.

ఆ గోడను కాపాడటంలో ఒక చిక్కుంది. ఎర్రమట్టి దిబ్బలకు కంచె వేస్తే చాలు, మంగంపేట రాయికి ఏ కప్పూ అక్కర్లేదు. మాంగనీసు సిలికేటు అలా కాదు. వాన తగిలితే నల్లబడటం దాని స్వభావం. తాజా ముఖాన్ని వదిలేస్తే కాలక్రమేణా అదీ ఖనిజంలాగే కనిపిస్తుంది, చూడవచ్చిన వాళ్లకు తల్లి రాయికీ నల్లరాయికీ తేడా కనబడదు. కాబట్టి గోడ మీద వాన పడకుండా రేకుల కప్పు, పైనుంచి వచ్చే నీరు పక్కకు పోవడానికి కాలువ, కొన్నేళ్లకోసారి సుత్తితో పైపొర తీసి లోపలి నారింజ గార్నెట్ మళ్లీ బయటపడేలా చూసే మనిషి కావాలి.